మేం నేల మీద కాలు పెట్టే టైమ్ ముందే చెప్పండి

మధ్యధరా సముద్రంలో క్రూజ్ ఓడలు నడిపే కంపెనీల యాజమాన్యాలకు,

నమస్కారం.

నిరుడు సెప్టెంబరులో మా అమ్మానాన్నల్ని తీసుకుని మేం మీ ఓడల్లో ఒకటి ఎక్కాం. ఏ కంపెనీదో ఇక్కడ రాయడం లేదు. ఇంటికి వచ్చాక తెలిసినవాళ్లతో మాట్లాడితే, వేరే కంపెనీల ఓడల్లో వెళ్లినవాళ్లు కూడా ఇదే కథ చెప్పారు. అందుకే ఈ ఉత్తరం మీ అందరికీ కలిపి రాస్తున్నాను.

మేం లండన్ పక్కన ఉంటాం. అమ్మానాన్నలు రాజమండ్రి నుంచి మూడు నెలల కోసం వచ్చారు. నాన్న ముప్పై ఏళ్లకు పైగా హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యారు. గ్రీస్ వెళ్దామనగానే ఆయన అడిగింది ఒక్కటే: శాంటోరిని దీవిలో అక్రోటిరి చూడాలి. సుమారు 3,600 ఏళ్ల కిందట అగ్నిపర్వతం పేలి బూడిద కింద కప్పబడిపోయిన ఊరు అది. 1967లో మరినాటోస్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వకాలు మొదలుపెడితే రెండు మూడు అంతస్తుల ఇళ్లు, వీధుల కింద మురుగు కాలువలు బయటపడ్డాయి. "మొహెంజొదారో మురుగు కాలువల గురించి పిల్లలకు ఎన్నేళ్లు చెప్పానో. అది పాకిస్తాన్‌లో ఉంది, చూసే యోగం లేదు. ఇదైనా చూస్తానమ్మా" అన్నారు.

మీ వెబ్‌సైట్లో శాంటోరిని ఎదురుగా రాక ఉదయం 8:00, పోక సాయంత్రం 5:00 అని ఉంది. తొమ్మిది గంటలు. మా ప్లానంతా ఆ రెండు అంకెలు చూసుకుని వేసుకున్నదే. ఓడ వాళ్ల టూర్ ఎందుకు తీసుకోలేదని అడగొచ్చు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. నలభై మంది గుంపుతో, జెండా పట్టుకుని ముందు నడిచే గైడ్ వెనక పరుగు పెట్టలేదు. పది నిమిషాలకోసారి కూర్చోవాలి, బాత్రూమ్ ఎక్కడుందో చూసుకోవాలి, తినడానికి గుడ్డు కూడా లేనిది ఏదైనా దొరకాలి. అందుకని ఫిరా ఊళ్లో ఒక డ్రైవర్‌ని మాట్లాడుకుని, తొమ్మిదిన్నరకు కేబుల్ కార్ పై స్టేషన్ దగ్గర కలుస్తామని చెప్పి, అడ్వాన్సు కట్టాం. ఓడ ఎనిమిదికి వస్తుంది కదా, గంటన్నర చాలదా అనుకున్నాం.

ఆ రోజు ఏం జరిగిందో చెబుతాను.

శాంటోరినిలో ఓడ రేవుకు ఆనదు. దీవి నడుమ పేలిపోయిన అగ్నిపర్వతం గొయ్యిలోనే సముద్రం నిండి ఉంది. లోతు కొన్నిచోట్ల మూడొందల మీటర్లు దాటుతుంది. పెద్ద ఓడలు దూరంగా నిలబడితే, జనం చిన్న బోట్లలో ఒడ్డుకు చేరాలి. వాటినే టెండర్ బోట్లంటారు. అవి ఎక్కడానికి టోకెన్ ఉండాలి. టోకెన్ కోసం లాంజ్‌లో క్యూ కట్టాలి. ఈ సంగతి మాకు ముందు రోజు రాత్రి గదిలో పెట్టిన కాగితం చదివితే తెలిసింది. పొద్దున ఆరూ నలభై ఐదుకల్లా మా ఆయనా నేనూ వెళ్లి నిలబడ్డాం. అప్పటికే లాంజ్ నిండిపోయింది. మా చేతికి 17వ నంబరు పసుపు కాగితం ఇచ్చారు.

ఎనిమిదికి ఓడ ఆగింది. మైకులో పిలుపులు మొదలయ్యాయి. ముందు ఓడ టూర్లు కొన్నవాళ్ల గ్రూపులు, ఆ తర్వాత సూట్ గదులవాళ్లు, మీ ఓడల్లో ఎన్నోసార్లు తిరిగిన మెంబర్లు. ఆ తర్వాత ఒకటో నంబరు. అమ్మ ఆ పసుపు కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. ఎవరైనా లేచి నడిస్తే చాలు, "మనదేనా?" అని అడిగేది. చేతి చెమటకు కాగితం అంచు మెత్తబడి నంబరు మీద సిరా కొంచెం అలికింది. ఎక్కడ చెల్లదంటారోనని ఇంకా టెన్షన్ పడింది. టోకెన్లు పంచే కుర్రాడు ముంబై నుంచి వచ్చాడట. అమ్మను చూసి హిందీలో "మాజీ" (అమ్మగారూ) అని పిలిచి కుర్చీ దగ్గరికి లాగి, నీళ్లు తెచ్చిచ్చాడు. ఎంత సేపు పడుతుందని అడిగితే తనకూ తెలియదన్నాడు. అతనికి మీరు చెప్పి ఉంటే చెప్పేవాడే.

17ని పిలిచేసరికి పదీ ఇరవై. ఒడ్డుకు చేరేసరికి పదకొండు కావస్తోంది. అక్కడ దిగితే పాత రేవు. ఊరేమో కొండ అంచున, నిటారుగా పైన ఉంది. పైకి మూడు దారులు: ఐదొందల ఎనభైకి పైగా ఉన్న మెట్లు, ఆ మెట్ల మీదే నడిచే గాడిదలు, కేబుల్ కార్. గాడిద మీద వంద కిలోలు మించి, లేదా దాని బరువులో ఐదో వంతు మించి ఎక్కించకూడదని 2018లో గ్రీస్ ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఎండలో ఆ మూగజీవాల అవస్థ చూశాక అమ్మ అటువైపు మళ్లీ చూడలేదు. మిగిలింది కేబుల్ కార్. ఒక్కో విడతకు ఆరు క్యాబిన్లు, క్యాబిన్‌కు ఆరుగురు, అంటే ముప్పై ఆరు మంది. పైకి వెళ్లడానికి మూడు నిమిషాలే. కానీ ఎక్కించి దించే సమయం కలిపి ఐదు నిమిషాలకు ఒక విడత అనుకుంటే, గంటకు 432 మంది. ఆ పూట మా ఓడ కాక ఇంకో రెండు ఓడలు కనిపిస్తున్నాయి. క్యూలో నిలబడే ఈ లెక్క వేశాను. యాభై నిమిషాలు నిలబడ్డాం.

పైకి చేరేసరికి పదకొండూ యాభై. డ్రైవర్ పదిన్నర దాకా చూసి, పదకొండింటికి ఇంకో బేరం ఉందని, సారీ అని మెసేజ్ పెట్టి వెళ్లిపోయాడు. అడ్వాన్సు పోయింది. అతన్ని నేనేమీ అనను. గంట సేపు ఎండలో నిలబడి చూశాడు పాపం.

బస్సు ఉంది కదా, ట్యాక్సీ ఉంది కదా అని మా ఆయన అన్నారు. ఫిరా నుంచి అక్రోటిరి పది పన్నెండు కిలోమీటర్లే. కానీ రానూ పోనూ కలిపి గంట, అక్కడ గంటన్నర, మళ్లీ కిందికి దిగడానికి కేబుల్ కార్ క్యూ ఎంతుంటుందో దేవుడికే తెలియాలి. ఓడకు చివరి బోటు నాలుగున్నరకు. నాన్నే వద్దన్నారు. "ఓడ తప్పిపోతే మీ అమ్మ తట్టుకోలేదు. పోనీలే, ఫొటోల్లో చూస్తాను" అని, చర్చి దగ్గర అరుగు మీద కూర్చుని జేబులోంచి కాగితం తీశారు. అక్రోటిరిలో ఏ ఇల్లు ముందు చూడాలో, ఏ వీధి ఎటు పోతుందో ఇంటి దగ్గర వారం రోజులు కూర్చుని గీసుకున్న మ్యాపు అది. నాలుగు మడతలు పెట్టిన రూళ్ల కాగితం. దాన్ని ఒకసారి విప్పి చూసుకుని, మళ్లీ అవే మడతల్లో పెట్టి జేబులో వేసుకున్నారు. ఆ రోజంతా నాకు గుర్తుండిపోయింది అదే.

రెండుంపావుకే కిందికి దిగే క్యూలో నిలబడ్డాం, భయంతో. మూడూ నలభైకి ఓడలో ఉన్నాం. తొమ్మిది గంటలని చూసి కొనుక్కున్న దీవిలో, కొండ మీద మేం ఉన్నది రెండున్నర గంటలు.

ఓడ ఎక్కేటప్పుడు తలుపు దగ్గర కార్డు పెడితే టింగ్‌మని మోగింది. స్క్రీన్ మీద అమ్మ ఫొటో వచ్చింది. పొద్దున దిగేటప్పుడు కూడా అలాగే మోగింది. నాకు అప్పుడే తట్టింది. ఏ రేవులో ఏ ప్రయాణికుడు ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకు ఓడ దిగాడో, ఎప్పుడు తిరిగి ఎక్కాడో మీ దగ్గర లెక్క ఉంది. ఒక్క ప్రయాణానిది కాదు, ఏళ్ల తరబడిది. సెప్టెంబరులో, మూడు ఓడలున్న రోజున, ఓడ టూర్ తీసుకోని మామూలు గదివాళ్లు శాంటోరినిలో ఎన్నింటికి బయట పడతారో మీకు బాగా తెలుసు. మాకు ఒక్కరికే తెలియదు.

నేను అడుగుతున్నది ఆ లెక్కనే. టికెట్ అమ్మే పేజీలో రాక, పోక అని రెండు గడులు ఉన్నాయి. వాటి పక్కన మూడో గడి పెట్టండి: సొంతంగా తిరిగేవాళ్లు ఈ రేవులో మామూలుగా ఓడ దిగే సమయం. "8:00" పక్కన "10:00 నుంచి 10:45" అని రాసి ఉంటే నేను డ్రైవర్‌ని పన్నెండింటికి రమ్మనేదాన్ని. లేదా అక్రోటిరి ఉన్న ఓడ టూర్ ఏదైనా ఉంటే అమ్మను మా ఆయనతో ఓడలో ఉంచి, నాన్నను తీసుకుని నేను దానిలో వెళ్లేదాన్ని. లేదా శాంటోరినిలో రాత్రి పదింటి దాకా ఆగే ఓడ వెతుక్కునేదాన్ని. ఏదో ఒకటి చేసి ఉండేదాన్ని. సముద్రం బాగా లేకపోతే, అధికారుల అనుమతి ఆలస్యమైతే ఆ సమయం మారుతుందని కింద ఒక వాక్యం రాసుకోండి, అర్థం చేసుకుంటాం. మారే సమయం అని తెలిసినా చాలు. అసలు తెలియకపోవడమే కష్టం.

ఓడ టూర్లవాళ్లను ముందు దించడాన్ని నేను తప్పుపట్టను. వాళ్లను పాత రేవుకు కాక అథినియోస్ రేవుకు చేరుస్తారని, అక్కడ బస్సులు కాచుకుని ఉంటాయని, అక్కడి నుంచి పైకి మలుపుల దారి ఒక్కటే అని తర్వాత తెలుసుకున్నాను. బస్సులు ఆగిపోతే ఆ దారంతా ఆగిపోతుంది. వాళ్ల టూర్ ఆలస్యమైతే ఓడ ఆగే బాధ్యత కూడా మీదే. ఇవన్నీ సరే. కానీ వాళ్లందరూ దిగేదాకా మిగతావాళ్లలో ఒక్కరినీ వదలకపోవడం ఏం న్యాయం? నాలుగు బోట్లు టూర్లవాళ్లకు వెళ్తే ఐదోది పాత రేవుకు, మాలాంటివాళ్లకు పంపొచ్చు. రేవులే వేరు కాబట్టి అటు రద్దీ కూడా పెరగదు. పైగా పొద్దున్నే కొందరు పాత రేవు చేరితే, పదిన్నరకు అందరూ ఒక్కసారే కేబుల్ కార్ మీద పడే అవస్థ తగ్గుతుంది. అథినియోస్‌లో బస్సుల్లో సీట్లు మిగిలితే, టూర్ లేకుండా ఫిరా దాకా మాత్రం ఎక్కించి, దానికో ధర పెట్టండి. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ కోసం ఆ డబ్బు సంతోషంగా కట్టేదాన్ని.

టోకెన్ల సంగతి. తిరుమలలో మూడొందల రూపాయల దర్శనం టికెట్ మీద ఎన్నింటికి రావాలో రాసి ఉంటుంది. సర్వదర్శనానికి ఇచ్చే టైమ్ స్లాట్ టోకెన్ మీద కూడా అంతే. ఒక గంట అటూ ఇటూ అవుతుంది, కాదనను. కానీ ఆ టైమ్ దాకా గదిలో పడుకోవచ్చు, టిఫిన్ తినొచ్చు, పెద్దవాళ్లను పొద్దున్నే తీసుకెళ్లి కూర్చోబెట్టి ఉంచక్కర్లేదు. రోజుకు వేల మంది వచ్చే కొండ మీద జరిగే పని, ప్రయాణికులందరి పేర్లూ గదులూ ముందే తెలిసిన ఓడలో జరగదా? ముందు రోజు రాత్రే, మీ యాప్‌లోనో గదికి పంపే కాగితంలోనో, మీ బోటు ఇన్నింటి నుంచి ఇన్నింటి మధ్య అని ఇచ్చేయండి. ఒడ్డు మీద ముందే టికెట్లు కొనుక్కున్నవాళ్లు, డెబ్భై దాటినవాళ్లు, చక్రాల కుర్చీవాళ్లు ఆ విషయం ముందుగా చెప్పుకునే వీలు పెట్టండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. బోట్లు తొందరగా నడపమని నేను అడగడం లేదు. ఎక్కువ మందిని ఎక్కించమనీ అడగడం లేదు. మాది గోదావరి ఒడ్డు. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర పాపికొండలకు వెళ్లే బోటు మునిగి ఎంతమంది పోయారో మా ఊళ్లో ఎవరూ మర్చిపోలేదు. ఆ రోజు శాంటోరినిలో అల కొంచెం లేస్తే, బోటు కదలకుండా నిలిచేదాకా అమ్మను ఎక్కనివ్వకుండా చెయ్యి పట్టి ఆపిన మనిషికి నేను దండం పెట్టాను. అలాగే చేయండి, ఎంత ఆలస్యమైనా సరే. ఆ ఆలస్యాన్ని లెక్కలో కలిపి మాకు చెప్పండి. అంతే.

ఇంకొకటి. 2025 నుంచి శాంటోరినిలో రోజుకు 8,000 మంది క్రూజ్ ప్రయాణికులే దిగాలని పరిమితి పెట్టారు. అదే ఏడాది జులై నుంచి, వేసవి నెలల్లో అక్కడ దిగే క్రూజ్ ప్రయాణికుడికి 20 యూరోల రుసుము కూడా వచ్చింది. మా నలుగురికీ పడింది. ఆ చిన్న దీవిలో నీళ్లకూ రోడ్లకూ ఎంత కటకటో చూశాం, కట్టినందుకు బాధ లేదు. కానీ దీవివాళ్లు తలకు ఇంత అని లెక్క కట్టుకుంటున్నప్పుడు, ఆ తల ఎన్నింటికి ఒడ్డు చేరుతుందో మీరు కూడా లెక్క చెప్పాలి కదా.

ఈ ఉత్తరం మన తెలుగువాళ్లు కూడా చదువుతారు కాబట్టి వాళ్లకూ రెండు మాటలు. ఓడ బుక్ చేసేముందు ప్రతి రేవు గురించీ అడగండి: ఓడ ఒడ్డుకు ఆనుతుందా, బోట్లలో వెళ్లాలా అని. మా ప్రయాణంలోనే టర్కీలో కుషదాసి దగ్గర ఓడ నేరుగా రేవుకు ఆనింది. దిగి నడుచుకుంటూ బయటికి వచ్చేశాం, ఎఫెసస్ అనే పురాతన నగరం హాయిగా చూశాం. అమ్మ అక్కడి పాలరాతి వీధిలో మెల్లగా నడిచింది, ఎవరూ తొందరపెట్టలేదు. అంటే సొంతంగా తిరగడంలో ఇబ్బంది లేదు, రేవును బట్టి ఉంటుంది. ఒడ్డుకు ఆనే చోట గంటన్నర, బోట్లు ఉన్నచోట కనీసం మూడు గంటలు విడిచిపెట్టి డ్రైవర్‌ని మాట్లాడుకోండి. ఓడ ఆలస్యమైతే డబ్బు వాపసు ఇస్తారా అని ముందే రాయించుకోండి. ఇటలీకీ గ్రీస్‌కీ గంట తేడా ఉంటుంది, ఓడ గడియారం ఏది చెబుతుందో ఆ టైమే పాటించండి, ఫోన్‌ని నమ్మొద్దు. రోమ్‌కు వెళ్లేవాళ్లు ఇంకో సంగతి గమనించండి. ఓడ ఆగేది చివిటావెక్కియాలో. అది రోమ్‌కు 70, 80 కిలోమీటర్ల దూరం, రైల్లో సుమారు గంట. పది గంటలకు వాటికన్ మ్యూజియం టికెట్ తీసుకుని ఏడింటికి ఓడ వస్తుందిలే అని ధీమాగా ఉండకండి.

మళ్లీ మీ దగ్గరికి వస్తాను. ఇది చిన్న కోరిక అని మీకు అనిపించవచ్చు. విశాఖ రేవులో 2023లో క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. ఓడ ప్రయాణం అంటే ఏమిటో ఇప్పుడిప్పుడే తెలుసుకుంటున్నాయి మా ఊళ్లు. పిల్లలు విదేశాల్లో ఉన్న ఇళ్లలో, అమ్మానాన్నలకు అరవై ఐదూ డెబ్భై వచ్చాక, ఎక్కువ నడవక్కర్లేదు, రోజూ పెట్టె సర్దక్కర్లేదు అని క్రూజ్ ఎంచుకుంటున్నారు. వాళ్లకు మళ్లీ వీసా దొరుకుతుందో లేదో, మోకాళ్లు సహకరిస్తాయో లేదో తెలియదు. ఒక్క ఊరు, ఒక్కసారి, రెండు గంటలు చూడటానికి అంత దూరం వస్తారు.

నాన్నకు ఈ మే నెలలో డెబ్భై రెండు వస్తాయి. వీసాకు మళ్లీ పెట్టాం. ఈసారి శాంటోరినికి విమానంలో వెళ్లి రెండు రోజులు ఉందామని మా ఆయన అంటున్నారు. అమ్మకు మాత్రం ఓడే కావాలట. పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని డెక్ మీద కూర్చుంటే దీవులు ఒక్కొక్కటే దగ్గరికి రావడం ఆమెకు అంత నచ్చింది. నాన్న ఆ నాలుగు మడతల కాగితాన్ని పాస్‌పోర్టు కవర్లో పెట్టి ఉంచారు. నేను వచ్చే నెలలో టికెట్లు బుక్ చేయాలి. మీ పేజీల్లో ఆ మూడో గడి కోసం రోజూ చూస్తున్నాను.

ఇట్లు,
మీ ఓడలో 17వ నంబరు టోకెన్‌తో దిగిన ఒక ప్రయాణికురాలు